నోవిట్స్కీ ఆటలో 2007కూ 2011కూ మధ్య నిజంగా ఏం మారింది?

ప్రశ్న: డల్లాస్_ప్రవాసి

అందరికీ నమస్కారం. నేను డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉంటాను. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మా ఊరి జట్టైన డల్లాస్ మావెరిక్స్ ఆటను శ్రద్ధగా చూడడం మొదలుపెట్టింది లూకా డాంచిచ్ వచ్చాకే కాబట్టి, డర్క్ నోవిట్స్కీని అతని ఆఖరి సీజన్‌లో, చీలమండ శస్త్రచికిత్స తరువాత నెమ్మదించిన కాళ్లతో ఆడుతుండగా మాత్రమే చూడగలిగాను. ఆ లోటు తీర్చుకోవడానికి ఇప్పుడు అతని పాత మ్యాచ్‌లను వరుసగా చూస్తున్నాను.

ఒక విషయం నాకు అంతుపట్టడం లేదు. 2006–07 సీజన్‌లో డల్లాస్ 82 మ్యాచ్‌లకు 67 గెలిచింది, నోవిట్స్కీ లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. అదే ఏడాది ప్లేఆఫ్స్ (సీజన్ తరువాత టైటిల్ కోసం జరిగే సిరీస్‌లు) మొదటి రౌండ్‌లో, ఎనిమిదో స్థానంలో లోపలికి వచ్చిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ చేతిలో ఆ జట్టు 4–2తో ఓడిపోయింది. సిరీస్ ముగిసిన ఆరో మ్యాచ్‌లో అతడు 13 షాట్లు వేస్తే పడినవి 2, చేసిన పాయింట్లు 8. నాలుగేళ్ల తరువాత, తన 33వ పుట్టినరోజుకు సరిగ్గా వారం ముందు, అదే మనిషి లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్ ఉన్న మయామీ హీట్‌ను ఓడించి ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. మామూలుగా ఆటగాళ్ల ఆట 28 ఏళ్లప్పుడు ఉన్నంత బలంగా 32 ఏళ్లప్పుడు ఉండదు. ఇతని విషయంలో అది తలకిందులు కావడానికి కారణం ఆటలో వచ్చిన మార్పా, జట్టులో వచ్చిన మార్పా, లేక ఆ రెండు నెలల పాటు అన్నీ కలిసిరావడమేనా? ఆ రోజుల్లో చూసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: మిడ్‌రేంజ్_మిత్రుడు

మీ ప్రశ్న చాలా మంచిది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మారింది ప్రధానంగా అతడు బంతిని అందుకునే చోటు.

నోవిట్స్కీ దాదాపు ఏడు అడుగుల మనిషి. అతని కాలం వరకు ఆ ఎత్తున్న ఫార్వర్డ్ అంటే రింగ్‌కు దగ్గరగా, వీపును రింగ్ వైపు పెట్టి, భుజబలంతో నెట్టుకుంటూ ఆడేవాడనే అర్థం. ఇతడు మాత్రం మూడు పాయింట్ల గీత దగ్గర నిలబడి బంతిని నడిపించే పొట్టి ఆటగాళ్లైన గార్డుల మాదిరిగా షాట్ వేసేవాడు, బంతిని నేలకు కొడుతూ లోపలికి దూసుకొచ్చేవాడు. 2006–07లో ఫీల్డ్ గోల్స్‌లో (ఆట నడుస్తుండగా వేసే షాట్లు) 50 శాతం, మూడు పాయింట్ల షాట్లలో 40 శాతం, ఫ్రీ త్రోలలో (ఫౌల్ జరిగినప్పుడు ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) 90 శాతం అనే మూడు గడపలనూ ఒకే సీజన్‌లో దాటాడు. ఆ ఎత్తులో అలాంటి గురి అంతవరకు ఎవరూ చూడలేదు.

వారియర్స్ శిక్షకుడు డాన్ నెల్సన్‌కు ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసు. 1998లో పందొమ్మిది, ఇరవై ఏళ్ల జర్మన్ కుర్రాడిగా నోవిట్స్కీ డల్లాస్‌కు వచ్చినప్పుడు అతడిని తీర్చిదిద్దింది ఆయనే, 2005 వరకు శిక్షణ ఇచ్చిందీ ఆయనే. అందుకే పొడవాటి వాళ్లను పక్కనపెట్టి, స్టీఫెన్ జాక్సన్ వంటి పొట్టివాళ్లను, చురుకైనవాళ్లను అతడి మీదికి వదిలాడు. మూడు పాయింట్ల గీత దగ్గర బంతి అందుకున్న నోవిట్స్కీ రింగ్ వైపు కదలాలంటే రెండు మూడు సార్లైనా బంతిని నేలకు కొట్టాలి. ఏడడుగుల మనిషి చేతి నుంచి నేల వరకు బంతి ప్రయాణించే దూరం ఎక్కువ, పొట్టి ఆటగాడి చేయి ఉండేది సరిగ్గా ఆ దారిలోనే. అతడు ఆ చేతిని తప్పించుకోవాలని చూసేలోగా పక్కనుంచి రెండో ఆటగాడు వచ్చి పడేవాడు. వీపు తిప్పి, తనకంటే అరడుగు తక్కువ ఉన్నవాడిని నెట్టుకుంటూ లోపలికి వెళ్లి ఉంటే ఆ ఎత్తుగడ కూలిపోయేది. అలాంటి ఆట అప్పటికి అతనికి నమ్మదగిన ఆయుధం కాలేదు.

ఓడిన తరువాత జరిగిన అత్యుత్తమ ఆటగాడి పురస్కార ప్రదానం చూడడానికే కష్టంగా ఉండేది, అందుకుంటున్నవాడి ముఖంలో సంతోషం లేదు. ఆ వేసవిలో అతడు తన గురువు హోల్గర్ గెష్విండ్నర్‌తో కలిసి ఆస్ట్రేలియా వెళ్లిపోయి, కొన్ని వారాల పాటు బాస్కెట్‌బాల్‌కు దూరంగా తిరిగాడు.

2011 మ్యాచ్‌లు పెట్టుకుని చూసేటప్పుడు బంతిని కాక అతడు నిలబడ్డ చోటును గమనించండి. చాలాసార్లు ఫ్రీ త్రో గీత మధ్యలోనో, దానికి ఒక పక్కనో కనిపిస్తాడు. అక్కడ బంతి అందుకున్నవాడికి కోర్టు రెండు వైపులా సమానంగా తెరుచుకుని ఉంటుంది. సాయానికి రెండో ఆటగాడు ఎటునుంచి వచ్చినా కంటికి కనిపిస్తాడు, అతడు వదిలి వచ్చిన ఆటగాడికి ఒక్క పాస్‌తో బంతి చేరుతుంది. మూల దగ్గరైతే కోర్టు గీతలే మరో ప్రత్యర్థిలా అడ్డుపడతాయి, మధ్యలో ఆ ఇబ్బంది ఉండదు. పైగా అక్కడినుంచి షాట్ వేయడానికి బంతిని ఒకసారి కొడితే చాలు, ఒక్కోసారి అదీ అక్కరలేదు.

ఇక ఆ షాట్. ప్రత్యర్థికి వీపు ఆనించి, ఒకవైపు భుజం తిప్పుతున్నట్టు భ్రమ కల్పించి, ఎడమ కాలి మీద పైకి లేస్తాడు. కుడి మోకాలు తనకూ ప్రత్యర్థికీ మధ్య అడ్డుగోడలా పైకి వస్తుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది, బంతి తల మీదుగా చేతిని వదిలిపోతుంది. దగ్గరికి వచ్చినవాడికి మోకాలు అడ్డం, దూరంగా ఉన్నవాడికి చేయి అందదు. ఎగరడానికి పెద్దగా బలం అవసరం లేని షాట్ కావడం వల్ల వయసుతో పాటు అరిగిపోలేదు కూడా. ఇవాళ కెవిన్ డ్యూరాంట్ మొదలుకొని ఎందరో ఆ షాట్ వేస్తున్నారు.

ఓక్లహోమా సిటీతో 2011 పశ్చిమ విభాగపు ఫైనల్ మొదటి మ్యాచ్ మీ దగ్గర ఉంటే తప్పక చూడండి. 15 షాట్లకు 12 పడ్డాయి, 24 ఫ్రీ త్రోలకు 24 పడ్డాయి, మొత్తం 48 పాయింట్లు. ఆ జట్టు అతడి మీదికి ఒకరి తరువాత ఒకరిని మార్చి మార్చి పంపింది. పొట్టివాడు వస్తే వాడి తల మీదుగా షాట్, పొడవైనవాడు వస్తే ఒక్క అడుగులో వాడిని దాటడం. 2007లో దొరకని జవాబు నాలుగేళ్ల తరువాత ఇలా దొరికింది.

జవాబు: వరంగల్_ఫార్వర్డ్

పైన రాసిన మిత్రుని విశ్లేషణలో బంతి అందుకునే చోటు గురించిన మాట నూటికి నూరు పాళ్లూ నిజమే గానీ, ఆ ఒక్కదానితోనే 2011 గెలుపును వివరిస్తే మిగిలినవారికి అన్యాయం జరుగుతుంది. నేను జిల్లా స్థాయిలో ఫార్వర్డ్‌గా ఆడినవాడిని. ఎంత గొప్ప ఫార్వర్డ్ అయినా తనకు సరైన చోట, సరైన సమయంలో బంతి అందించేవాడు లేకపోతే నిస్సహాయుడే.

2006 ఫైనల్స్‌లో మయామీ మీద డల్లాస్ 2–0 ఆధిక్యంలో ఉంది. మూడో మ్యాచ్‌లో ఆఖరి ఆరున్నర నిమిషాలు మిగిలి ఉండగా 13 పాయింట్లు ముందుంది. అక్కడినుంచి వేడ్ విజృంభించి 42 పాయింట్లు చేశాడు. మ్యాచ్ ఇక 3.4 సెకన్లలో ముగుస్తుందనగా స్కోరు సమం చేసే అవకాశం నోవిట్స్కీకి ఫ్రీ త్రోల రూపంలో వచ్చింది, రెండింటిలో ఒకటి తప్పిపోయింది. 98–96తో మ్యాచ్, ఆ వెంటనే మరో మూడు ఓడి టైటిల్, నోటికాడి ముద్ద జారినట్టు జారిపోయాయి. 2011 ఫైనల్స్‌లో అదే ప్రత్యర్థి మీద అతడు 46 ఫ్రీ త్రోలు వేసి 45 సాధించాడు. ఈ తేడా బంతి అందుకున్న చోటు వల్ల వచ్చింది కాదు. తాను తప్పితే నిలబెట్టేవాళ్లు పక్కన ఉన్నారన్న ధీమా కూడా అందులో ఉందని నేను నమ్ముతాను.

2006 జట్టులోనుంచి 2011 వరకు మిగిలింది నోవిట్స్కీ, జేసన్ టెర్రీ ఇద్దరే. మిగిలిన జట్టంతా కొత్తది. 38 ఏళ్ల జేసన్ కిడ్ బంతిని ఎప్పుడు, ఏ చేతికి అందించాలో తెలిసిన మనిషి. షాన్ మారియన్ లెబ్రాన్‌ను అడ్డుకునే బరువు మోశాడు. 2010 వేసవిలో షార్లట్ నుంచి వచ్చిన టైసన్ చాండ్లర్ రింగ్ దగ్గర కాపలా కాశాడు. ఈ చివరి విషయాన్ని చాలామంది పట్టించుకోరు. నోవిట్స్కీకి రక్షణలో ఉన్న బలహీనతలను వెనకనుంచి సరిదిద్దగల సెంటర్, నాకు తెలిసినంతలో, అతని కెరీర్‌లో పూర్తిస్థాయిలో దొరికింది ఆ ఒక్క ఏడాదే. శిక్షకుడు రిక్ కార్లైల్ అవసరమైనప్పుడల్లా జోన్ రక్షణ (ఒక్కో ఆటగాడిని కాక కోర్టులో ఒక్కో భాగాన్ని కాచే పద్ధతి) వేయించాడు, ఫైనల్స్ నాలుగో మ్యాచ్ నుంచి పొట్టివాడైన జె.జె. బరేయాను మొదటి ఐదుగురిలోకి తీసుకున్నాడు. ఆ మార్పుకు ధైర్యం కావాలి. 2007లో శిక్షకుడు ఏవరీ జాన్సన్ కూడా వారియర్స్‌కు భయపడి మొదటి మ్యాచ్‌లోనే తన జట్టును చిన్నది చేశాడు. 67 మ్యాచ్‌లు గెలిచినవాడు ఎనిమిదో స్థానంవాడి కొలతలకు తనను తాను కుదించుకున్నాడు. ఆ సిరీస్ సగం అక్కడే పోయిందని నా నమ్మకం.

ఆఖరి మ్యాచ్ లెక్కే తీసుకోండి. మయామీలో జరిగిన ఆరో మ్యాచ్ మొదటి సగంలో నోవిట్స్కీ 12 షాట్లకు ఒక్కటే వేయగలిగాడు. 2007లో అయితే అదే ఓటమికి సరిపోయేది. ఇక్కడ టెర్రీ 27 పాయింట్లతో జట్టును నిలబెట్టాడు, రెండో సగంలో నోవిట్స్కీ తేరుకుని 21కి చేరాడు, డల్లాస్ 105–95తో గెలిచింది. గడియారం ఆగీ ఆగకముందే అతడు సహచరులను వదిలి లోపలి గదిలోకి వెళ్లిపోయి ఒంటరిగా ఏడ్చాడు. ట్రోఫీ అందుకోవడానికి అతన్ని పిలుచుకుని రావలసి వచ్చింది.

అతని పట్టుదలను నేనెంతమాత్రం తక్కువ చేయడం లేదు. మొదటి మ్యాచ్‌లో ఎడమ చేతి మధ్యవేలి స్నాయువు తెగింది. రెండో మ్యాచ్‌లో ఏడు నిమిషాలు మిగిలి ఉండగా 15 పాయింట్లు వెనకబడిన జట్టును పైకి లాగి, గెలిపించిన ఆఖరి లేఅప్‌ను (రింగ్ పక్కనుంచి వేసే షాట్) ఆ ఎడమ చేతితోనే వేశాడు. నాలుగో మ్యాచ్ 101 డిగ్రీల జ్వరంతో ఆడాడు. ఇవి ఎవరూ కాదనలేనివి. ఒక మనిషి ఎంత మారినా అతని చుట్టూ ఉన్న నలుగురు మారకపోతే టైటిల్ రాదని మాత్రమే నా వాదన.

జవాబు: స్టుట్‌గార్ట్_తెలుగు

ఇద్దరి మాటలూ చదివాక ఒక మూడో కోణం చెప్పాలనిపిస్తోంది. ఇక్కడ జర్మనీలో నోవిట్స్కీ గురించి మాట్లాడేటప్పుడు కథ 2007తో మొదలు కాదు, అతని సొంత ఊరు వ్యుర్జ్‌బర్గ్‌తో మొదలవుతుంది.

అతని తల్లి జాతీయ జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడింది, తండ్రి హ్యాండ్‌బాల్ ఆటగాడు. పదిహేను, పదహారేళ్ల వయసులో అతడిని చూసి చేరదీసిన గెష్విండ్నర్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పశ్చిమ జర్మనీ జట్టుకు సారథి. షాట్‌ను ఆయన ఒక లెక్కగా చూశాడు. రింగ్ లోపలి వెడల్పు సుమారు 45 సెంటీమీటర్లు, బంతి వెడల్పు సుమారు 24. బంతి మరీ చదునుగా, నేలకు 32 డిగ్రీల కంటే తక్కువ వాలులో వస్తే రింగ్‌ను తాకకుండా లోపలికి పోయే మార్గమే లేదు. ఎంత నిటారుగా దిగితే అంత పెద్ద ద్వారం దొరుకుతుంది. అయితే మరీ ఎత్తుగా వేస్తే బలం ఎక్కువ కావాలి, గురి తప్పుతుంది. ఈ రెండింటి మధ్య శిష్యుడి ఎత్తుకూ చేతి పొడవుకూ తగిన వాలును ఆయన లెక్కగట్టి, చేయి వదిలే తీరును దానికి తగ్గట్టు దిద్దాడు. దానితో పాటే సంగీత వాద్యాలు నేర్చుకొమ్మన్నాడు, పుస్తకాలు చదివించాడు, పడవ నడిపించాడు. బరువులు ఎత్తించి కండలు పెంచే పద్ధతికి ఆయన పెద్దగా ప్రాధాన్యం ఇవ్వలేదు.

కాబట్టి 2007 తరువాత వచ్చిన మార్పు ఉన్నట్టుండి పుట్టినదని నేను అనుకోను. పదేళ్లుగా ఎవరూ చూడని వ్యాయామశాలల్లో వేసిన పునాది మీద లేచిన మరో అంతస్తు అది. ప్రతి వేసవీ, లీగ్‌లో ఎంత పేరు వచ్చినా, అతడు ఆ గురువు దగ్గరికే తిరిగి వచ్చాడు.

ఇంకొక మాట కూడా ఇక్కడ నమోదు కావాలి. 1998లో అతడు జర్మనీ రెండో డివిజన్‌లో ఆడుతున్న కుర్రాడు. శాన్ ఆంటోనియోలో అమెరికా యువ ఆటగాళ్లతో జరిగిన ప్రదర్శన మ్యాచ్‌లో 33 పాయింట్లు, 14 రీబౌండ్లతో (పడని షాట్ల బంతిని చేజిక్కించుకోవడం) ఒక్క రాత్రిలో అందరి కళ్లలో పడ్డాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మిల్వాకీ అతన్ని తొమ్మిదో స్థానంలో ఎంచుకుని వెంటనే డల్లాస్‌కు ఇచ్చివేసింది. మొదటి సీజన్‌లో సగటు 8.2 పాయింట్లు మాత్రమే కావడంతో, ఐరోపా వాళ్లు మెతకవాళ్లు, ఇక్కడ నెగ్గుకురాలేరు అన్న మాట గట్టిగా వినిపించింది. 2002 ప్రపంచ పోటీల్లో జర్మనీకి కాంస్యం, 2005 ఐరోపా పోటీల్లో రజతం తెచ్చి, రెండింటిలోనూ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచినా ఆ మాట ఆగలేదు. 2007 ఓటమి దానికి మళ్లీ ప్రాణం పోసింది. 2011 తరువాత ఆ మాట అనేవాళ్లు ఇక దొరకలేదు. ఇవాళ సెర్బియా నుంచో, గ్రీస్ నుంచో, స్లొవేనియా నుంచో వచ్చిన ఆటగాడిని లీగ్‌లో ఎవరూ అనుమానంగా చూడకపోవడంలో అతని వాటా చాలా పెద్దది. 2023లో జర్మనీ ప్రపంచ కప్ గెలిచినప్పుడు మైదానంలో అతడు లేడు. కానీ ఆ జట్టులోని చాలామంది అతడిని చూసి బంతి పట్టినవాళ్లే అయి ఉంటారు.

ప్రశ్న అడిగినవారి నుంచి: డల్లాస్_ప్రవాసి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. వరంగల్ మిత్రులు చెప్పినదాన్ని బట్టి ఇంకొక సందేహం వచ్చింది. ఆ జట్టు అంత బాగా కుదిరినదైతే, 2011 తరువాత నోవిట్స్కీ రిటైర్ అయ్యేదాకా డల్లాస్ ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా ఎందుకు గెలవలేదు? చివరి ఎనిమిది సీజన్లను అతని కెరీర్‌లో ఎలా లెక్కించాలి?

జవాబు: వరంగల్_ఫార్వర్డ్

ఇది బాధ కలిగించే భాగం. 2011 వేసవిలో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య వివాదం ముదిరి సీజన్ ఆలస్యమైంది, జీతాల పరిమితి నిబంధనలు కఠినమయ్యాయి. అప్పటి యజమాని మార్క్ క్యూబన్ పాత జట్టును అలాగే నిలుపుకోవడం కంటే డబ్బు మిగుల్చుకుని పెద్ద ఆటగాళ్లను తేవడం మేలనుకున్నాడు. చాండ్లర్ న్యూయార్క్ వెళ్లిపోయాడు. 2012లో డెరాన్ విలియమ్స్ బ్రూక్లిన్‌లోనే ఉండిపోయాడు, 2013లో డ్వైట్ హోవర్డ్ హ్యూస్టన్‌ను ఎంచుకున్నాడు, 2015లో డియాండ్రే జోర్డాన్ వస్తానని మాట ఇచ్చి వెనక్కి తగ్గాడు. ఉన్నది పోయింది, కోరినది రాలేదు. గెలిచిన జట్టుకు టైటిల్ నిలబెట్టుకునే ఒక్క అవకాశమైనా ఇవ్వవలసింది అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆ ఎనిమిది సీజన్లలో నోవిట్స్కీ వేరే జట్టుకు వెళ్లి మరో ఉంగరం (టైటిల్ గెలిచినవారికి ఇచ్చేది) సంపాదించుకుని ఉండవచ్చు. 2014లో అతడు మూడేళ్లకు సుమారు 2.5 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. అతని స్థాయి ఆటగాడికి మార్కెట్లో దొరికేదానితో పోలిస్తే అది చాలా తక్కువ. మిగిలిన డబ్బుతో జట్టు మరొకరిని తెచ్చుకోవాలన్నదే ఉద్దేశం.

జవాబు: మిడ్‌రేంజ్_మిత్రుడు

పైవారి మాటకు చిన్న చేర్పు. ఆ ఎనిమిది సీజన్లను టైటిళ్లతో కొలవడం కుదరదు గానీ, ఆట తెలిసినవాడికి వాటిలో చూడవలసినది చాలా ఉంది. 2014లో శాన్ ఆంటోనియో ఆ ఏడాది టైటిల్ గెలిచేముందు మొదటి రౌండ్‌లో దాన్ని ఏడో మ్యాచ్ దాకా లాగిన జట్టు డల్లాస్ ఒక్కటే. అప్పటికి నోవిట్స్కీకి 35 దాటాయి. 2017 మార్చి 7న లేకర్స్ మీద 30,000 పాయింట్లు దాటాడు. ఆ మైలురాయి షాట్ కూడా ఇంతకుముందు నేను రాసిన కోవలోదే, వెనక్కి వాలి వేసినదే.

మీరు అతని ఆఖరి సీజన్ చూశానన్నారు కాబట్టి 2019 ఏప్రిల్ 9న ఫీనిక్స్‌తో సొంత మైదానంలో జరిగిన ఆఖరి మ్యాచ్‌ను మరొకసారి పెట్టుకుని చూడండి. వేగం ఏమీ మిగలలేదు, ఎగరడమూ పెద్దగా లేదు. అయినా 30 పాయింట్లు చేశాడు. మరుసటి రాత్రి శాన్ ఆంటోనియోలో ఆడి, 21 సీజన్లు ఒకే జట్టుకు ఆడిన మొదటి ఆటగాడిగా 31,560 పాయింట్లతో ఆట ముగించాడు. ఆ ఫీనిక్స్ మ్యాచ్‌లో పడిన షాట్లను ఒక్కొక్కటిగా ఆపి, పాదాలు ఎక్కడ ఉన్నాయో, ప్రత్యర్థి చేయి ఎంత దూరంలో ఆగిపోయిందో గమనించండి. 2011లో ఓక్లహోమా సిటీ మీద వేసినవాటితో పక్కపక్కన పెట్టి చూస్తే, వేగం పోయినా ఆ షాట్ ఎందుకు పనిచేసిందో మీకే అర్థమవుతుంది.